అమ్మకు వండిపెట్టేటప్పుడు మనసు ఎక్కడ పెట్టాలి

మీరు అడిగినది నాకు అర్థమైన మేరకు ముందు చెప్తాను. డెబ్బై రెండేళ్ల మీ అమ్మగారు ఏడాదిగా మీ దగ్గర ఉంటున్నారు. ఆమె పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నారు కనుక వంట మీరు అందుకున్నారు. కొలతలన్నీ ఆమె నోటితో చెప్పినవే. రోజూ మూడు నాలుగు రకాలు చేస్తున్నారు, అయినా ఆమె సగం కంచంలోనే వదిలేస్తున్నారు, రక్తపోటు కోసం రెండు నెలల క్రితం ఉప్పు తగ్గించినప్పటి నుంచి మరీ తక్కువ తింటున్నారు. రెండేళ్ల పాప రెండు ముద్దలకే మొహం తిప్పేస్తోంది. మీ భార్య ఉద్యోగం నుంచి రాత్రి పది దాటాక వచ్చి చల్లారిపోయిన అన్నం తింటున్నారు. ఇంత చేస్తున్న మీతో బంధువొకరు "మనసు పెట్టి వండితే ఆ రుచి దానంతటదే వస్తుంది" అన్నారు. ఇంతకంటే మనసు ఎలా పెట్టాలో చెప్పమని మీరు అడిగారు.

ఇంట్లోవాళ్లకు నేను ముప్పై ఎనిమిదేళ్లుగా వండిపెడుతున్నాను. అందులో పదకొండేళ్లు ఒక వృద్ధాశ్రమంలో వంటగది బాధ్యత కూడా చూశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ దగ్గర మనసుకు కొరత లేదు. కాకపోతే మీరు దానినంతా గిన్నె మీదే పెడుతున్నారు, కొలత తప్పకూడదని, రకం తగ్గకూడదని, అమ్మ చేసినట్టే ఉండాలని. తినే మనిషి మీద, తిన్న తరువాత మిగిలిన కంచం మీద పెట్టడానికి మీ దగ్గర ఓపిక మిగలడం లేదు. నాకు తెలిసినంతలో మనసు పెట్టి వండడమంటే తినేవాళ్లను గమనించి, ఆ గమనించినదానిని బట్టి రేపటి వంటను మార్చుకోవడం. ఇది నేర్చుకోగలిగిన పని. పుట్టుకతో వచ్చే హస్తవాసి కాదు.

వంట గురించి మాట్లాడే ముందు ఒక హెచ్చరిక చెప్పాలి. పెద్దవాళ్లు తిండి తగ్గించినప్పుడు తప్పంతా వంటదే అనుకోకండి. రక్తపోటుకు వాడే మందుల్లో కొన్ని నోటి రుచిని మారుస్తాయి, కొన్ని మందులు నోరు ఎండబెడతాయి. పంటి నొప్పి, చిగుళ్ల పుండు, మింగడంలో ఇబ్బంది, మలబద్ధకం, దిగులు, వీటిలో ఏది ఉన్నా ముద్ద దిగదు. అమ్మగారి బరువు నెలకొకసారి చూసి రాసిపెట్టుకోండి. ఆమె ప్రయత్నం లేకుండానే ఆరు నెలల్లో బరువు నూటికి 5 పాళ్లకు మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 57 కిలోలకు దిగువకు వస్తే, మసాలా మార్చి చూద్దామని కూర్చోకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. కొత్త మందు మొదలుపెట్టిన తేదీకీ తిండి తగ్గిన తేదీకీ సంబంధం ఉందేమో కూడా చూసి ఆయనకు చెప్పండి. ఉప్పు తగ్గించిన రోజుల్లోనే మందు కూడా మారి ఉంటే, అసలు కారణం ఏదో మీకు ఇంకా తెలియనట్టే.

కంచాన్ని చూడడం నేను ఆశ్రమంలో ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చేసేవారు కాదు. బాగుందా అని అడిగితే బాగుందనే అనేవారు, కంచంలో మాత్రం కూర మిగిలిపోయేది. కారం తగ్గించాను, నూనె మార్చాను, కూరగాయ మార్చాను, ఏమీ లాభం లేకపోయింది. ఒకరోజు కంచాలు కడగడానికి తీస్తూ ఆవిడ కంచం దగ్గర ఆగాను. చిక్కుడుకాయ ముక్కలు ముట్టుకోకుండా వదిలేసినవి కావు. ఒక్కొక్కటి నోట్లో పెట్టుకుని, రసమంతా పీల్చి, నమలలేని పీచును తీసి కంచం అంచున వరుసగా పెట్టారు. ఏడెనిమిది పీచు కట్టలు, చిన్న పుల్లల్లా, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. రుచి ఆవిడకు నచ్చింది కనుకనే అంత కష్టపడ్డారు, పళ్లు సహకరించలేదు. మరునాడు అదే కూరను, అదే ఉప్పుకారాలతో, చిక్కుళ్లకు రెండు వైపులా ఈనెలు పూర్తిగా తీసి, గోరంత ముక్కలుగా తరిగి, ఇంకో పది నిమిషాలు ఎక్కువ మగ్గించి పెట్టాను. కంచం ఖాళీగా తిరిగి వచ్చింది. అప్పటికి నాలుగు నెలలుగా నేను ఆవిడ నాలుక గురించి ఆలోచిస్తూ ఉన్నానే తప్ప పళ్ల సంగతి పట్టించుకోలేదు. ఆ నాలుగు నెలలు ఆవిడ అర్ధాకలితో లేచారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందువల్ల మొదటి వారం ఏ వంటా మార్చకండి, కంచం మాత్రం చూడండి. అన్నం మిగిలిందా, కూర మిగిలిందా? కూరలో ముక్కలు మిగిలి పులుసు అయిపోయిందంటే నమలడంలో ఇబ్బంది ఉందని అనుమానించాలి. అన్నీ సమానంగా సగం సగం మిగిలితే ఆకలి లేదనో, వడ్డించినదే ఎక్కువనో అనుకోవాలి. ముందు నాలుగు ముద్దలు ఇష్టంగా తిని తరువాత ఆగిపోతే, తింటూ ఉండగానే అలసట వస్తోందేమో, అన్నం చల్లారి గట్టిపడుతోందేమో చూడాలి. పగలు బాగా తిని రాత్రి తినకపోతే వేళ మార్చి చూడాలి. పై వరుసకు కట్టుడు పళ్లు ఉన్నట్లయితే ఆ పళ్లసెట్టు అంగిలిని కప్పేస్తుందని, దానివల్ల తిండి మెత్తదనం, వేడి నోటికి సరిగా తెలియవని గుర్తుపెట్టుకోండి. ఇదంతా చూసేటప్పుడు ఎదురుగా కూర్చుని "ఎలా ఉందమ్మా, ఉప్పు సరిపోయిందా, ఇంకొంచెం వెయ్యనా" అని ముద్దముద్దకూ అడగవద్దు. జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు ఏ తల్లీ బాగాలేదని కొడుకుతో అనదు. మీరు కూడా కంచం పెట్టుకుని పక్కన కూర్చుని తినండి, మాటలు వేరే విషయాల మీదకు పోనివ్వండి. ఆమె తిన్న కంచమే మీకు జవాబు చెప్తుంది.

ఇక రుచి సంగతి. రుచి అని మనం అనుకునేదానిలో పెద్ద భాగం నిజానికి వాసన. ముద్ద నములుతున్నప్పుడు అందులోని సువాసన గొంతు వెనుక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది, నాలుక చెప్పే ఉప్పు, పులుపు, తీపి, చేదులతో అది కలిసినప్పుడే ఇది ఫలానా కూర అని తెలుస్తుంది. జలుబు చేసినప్పుడు అన్నీ చప్పగా ఉండడానికి కారణం ఇదే. వయసు పైబడేకొద్దీ ఈ వాసన పట్టే శక్తి తగ్గుతుంది, డెబ్బై దాటినవాళ్లలో ఇది చాలా మామూలు. పదేళ్ల క్రితం అమ్మగారి ముక్కు పట్టుకున్న జీలకర్ర వాసన ఈరోజు అదే కొలతలో ఆమెకు అందకపోవచ్చు. అంటే ఆమె చెప్పిన కొలతలను మీరు తు.చ. తప్పకుండా పాటించడం వల్లే ఆమెకు అది తన వంటలా అనిపించకపోవచ్చు. కొలత అలాగే ఉంది, తినే మనిషి మారారు. ఇందుకు కారం పెంచడం పరిష్కారం కాదు. కారం నోటిలో మంట పుట్టిస్తుంది తప్ప వాసనను పెంచదు. దినుసుల సువాసనను పెంచాలి. జీలకర్ర, మిరియాలు, ధనియాల వంటివి గింజలుగానే కొని, వారానికి సరిపడా మాత్రమే దోరగా వేయించి పొడి చేసుకోండి. పొడిగా చేసి నెలల తరబడి డబ్బాలో ఉంచినదానికి రంగు మిగులుతుంది, వాసన ఎగిరిపోతుంది. వాటి సువాసన నూనెలో బాగా దిగుతుంది, నీటిలో అంతగా దిగదు, కాబట్టి ఉడుకుతున్న కూరపై చల్లడం కంటే చెంచాడు వేడి నూనెలో వేసి వెంటనే కూరలో కలపడం మేలు. కొత్తిమీర వంటి పచ్చి ఆకు మాత్రం ఎంత ఉడికితే అంత వాసన పోగొట్టుకుంటుంది. కంచంలో వడ్డించాక, ఆమె ముందే, చేత్తో నలిపి వేయండి. ఆ నలిపిన వాసన ముద్దకంటే ముందే ఆమెను చేరుతుంది.

ఉప్పు విషయంలో మీరు చేసిన పొరపాటే నేనూ ఒకప్పుడు చేశాను. వైద్యుడు చెప్పిన మరునాడే సగానికి సగం తగ్గించాను, వారం తిరిగేసరికి ఆశ్రమంలో సగం మంది తినడం తగ్గించారు. పెద్దలు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అది ఇంచుమించు ఒక చిన్న చెంచాడు, అందులో కొని తెచ్చిన చిరుతిళ్లు, నిల్వ పచ్చళ్లు, బేకరీ సరుకు, వీటన్నిటిలోని ఉప్పు కూడా కలిసే ఉంది. చాలా ఇళ్లలో కూరలో చిటికెడు తగ్గించి, పక్కన పెట్టిన పచ్చడితో దానికి రెండింతలు తింటూ ఉంటారు, కాబట్టి కోత అక్కడ మొదలుపెట్టండి. కూరలో ఉప్పును ఒక్కసారిగా కాకుండా వారానికి కొంచెం చొప్పున తగ్గించుకుంటూ రండి. నాలుక తక్కువ ఉప్పుకు అలవాటుపడుతుంది, అయితే అందుకు కొన్ని వారాలు పడుతుంది. ఇంకో ఉపాయం కూడా ఉంది. ఆమెకు అనుమతించిన ఉప్పులో సగమే ఉడికేటప్పుడు వేసి, మిగతా సగం వడ్డించే ముందు పైన చల్లండి. లోపల కరిగి దాక్కున్న ఉప్పు కంటే పైన ఉన్న ఉప్పు నాలుకకు త్వరగా తెలుస్తుంది, కాబట్టి అంతే ఉప్పు ఎక్కువగా అనిపిస్తుంది. దుకాణాల్లో దొరికే పొటాషియం కలిపిన ఉప్పును మాత్రం మీ అంతట మీరు వాడకండి, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకూ కొన్ని రక్తపోటు మందులు వాడేవాళ్లకూ అది ప్రమాదం తెస్తుంది. ముందు వైద్యుణ్ణి అడగాలి.

ఉప్పు తగ్గిన చోటును పులుపుతోనూ ఇంకో రుచితోనూ పూడ్చవచ్చు. పొయ్యి దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే చప్పదనం చాలావరకు విరిగిపోతుంది. ఆ రెండో రుచికి మన మాటల్లో విడిగా పేరు లేదు గానీ నోటికి తెలుసు, బాగా పండిన టమాటాను మగ్గించినప్పుడు, పుట్టగొడుగులను వేయించినప్పుడు నాలుక నిండా పరుచుకునే కమ్మదనం అది. జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో సముద్రపు నాచు రసం నుంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, ఈ రుచికి మూలం అదేనని తేల్చి, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. దీనికోసం పొడులేమీ కొననక్కరలేదు. పండిన టమాటాలను చిన్న మంట మీద నీరంతా ఇగిరి ముద్దయ్యేదాకా మగ్గించి కూరలో కలిపితే, తక్కువ ఉప్పులో కూడా కూర నిండుగా అనిపిస్తుంది.

ఉల్లిపాయ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే చాలామంది వంటలో తేడా వచ్చేది ఇక్కడే. వంటల పుస్తకాలు "ఐదు నిమిషాలు వేయించి" అని రాస్తాయి. ఉల్లిపాయలో నూటికి దాదాపు 89 పాళ్లు నీరే. ఆ నీరు పోయేవరకు బాణలిలో ముక్కలు ఉడుకుతాయి తప్ప వేగవు, ఎందుకంటే నీరున్నంతసేపు వాటి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడి కమ్మటి వాసన రావడానికి కారణమైన చర్యను ఫ్రాన్స్‌కు చెందిన లూయీ కమీల్ మయార్ 1912లో వివరించాడు. తిండిలోని చక్కెరలూ ఎమైనో ఆమ్లాలూ వేడికి కలిసి వందలాది కొత్త సువాసనలను పుట్టిస్తాయి, అది చురుగ్గా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. కాబట్టి గడియారాన్ని పక్కనపెట్టి చెవి పెట్టండి. మొదట సుయ్యిమని తడి మోత వస్తుంది, ఆవిరి పైకి లేస్తూ ఉంటుంది, ముక్కలు గాజులా మెరుస్తాయి. కాసేపటికి ఆవిరి తగ్గుతుంది, మోత సన్నబడి చిటపటలోకి దిగుతుంది, ముక్కల అంచులు మొదట లేత గోధుమరంగుకు తిరుగుతాయి, ఘాటు వాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. ఆ మోత మారిన క్షణం నుంచి మీరు పక్కకు కదలకూడదు, అక్కడి నుంచి మాడిపోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అడుగున గోధుమరంగు పొర అంటుకుంటే చెంచాడు నీళ్లు చల్లి గరిటెతో గీకి మళ్లీ ముక్కల్లోనే కలపండి, రుచంతా అందులో ఉంది. బాణలి నిండా కుక్కిన ఉల్లిపాయలకు ఇది ఐదు నిమిషాల్లో జరగదు, ఇరవై నిమిషాలు పట్టవచ్చు. మీ అమ్మగారు చెప్పిన కొలతల్లో ఈ మోత గురించి ఉండదు. ఆమె ఎప్పుడూ దానిని విని వంట చేశారు గనుక, అది చెప్పాల్సిన విషయమని కూడా ఆమెకు తోచి ఉండదు.

కొలతలు చేతులు మారినప్పుడు జారిపోయేవి ఇలాంటివే. గిన్నె అడుగు మందం, పొయ్యి సెగ, కూరగాయ లేతదనం, చివరికి నీళ్లు కూడా. సున్నపు అంశం ఎక్కువగా ఉన్న కఠిన జలంలో పప్పులు ఆలస్యంగా మెత్తబడతాయి, కొన్నిసార్లు ఎంత ఉడికించినా పలుకుగానే ఉంటాయి. పులుపు కూడా అదే పని చేస్తుంది, అందుకని చింతపండు, టమాటా, నిమ్మ వంటివి పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే వేయాలి. అమ్మగారు మీ దగ్గరకు రాకముందు వండిన ఊరి నీరు వేరు, మీ ఇంటి నీరు వేరు అయితే, అదే పప్పు అదే సమయంలో ఉడకకపోవడం మీ చేతి లోపం కాదు. ఒకసారి సున్నపు అంశాన్ని కూడా తీసేసే ఆర్వో యంత్రం నీళ్లలో ఉడికించి చూడండి, తేడా తెలిసిపోతుంది. అమ్మగారిని కొలత మళ్లీ అడగకండి, "ఎలా ఉన్నప్పుడు దించేదానివి, వాసన ఎలా వచ్చేది, చేతికి ఎలా తగిలేది" అని అడగండి. ఆ జవాబులు రాసిపెట్టుకోండి.

రుచి చూసే తీరు కూడా చెప్పాలి. గంటసేపు పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటుపడి దానిని పట్టించుకోవడం మానేస్తుంది, అందువల్లే వండినవాళ్లకు తమ వంట చప్పగా తోస్తుంది, ఇంకో చిటికెడు వేసేస్తారు. రుచి చూసే ముందు వంటగది దాటి బయటికి వెళ్లి రెండు నిమిషాలు మంచి గాలి పీల్చి, నోరు నీళ్లతో పుక్కిలించి రండి. పొగలు కక్కే కూరను నాలుకపై వేసుకోకండి, అంత వేడిలో నాలుకకు ఉప్పు పులుపులు సరిగా అందవు. చెంచాడు తీసి చిన్న పళ్లెంలో ఆరనిచ్చి, అమ్మగారు తినే వేడికి వచ్చాక చూడండి. ఆమె దానిని అన్నంలో కలుపుకుని తింటారు కనుక మీరూ రెండు మెతుకుల్లో కలిపే చూడండి. ఒట్టి కూరకు సరిపోయిన ఉప్పు అన్నంలో కలిశాక సరిపోదు.

మీ భార్య భోజనం విషయంలో రుచికంటే ముందు భద్రత చూడాలి. వండిన అన్నాన్ని ఏడింటి నుంచి పదింటిదాకా గట్టు మీద ఉంచడం మంచిది కాదు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, గది వేడిలో అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం తరువాత ఎంత వేడి చేసినా పోదు. సురక్షితమైన ఆహారం కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రకటించిన ఐదు సూత్రాల్లో ఇది కూడా ఉంది. వండినదానిని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు, చల్లగా అయితే 5 డిగ్రీలకు లోపు, వేడిగా అయితే 60 డిగ్రీలకు పైన ఉంచాలి. ఆమె వాటాను వండిన వెంటనే వెడల్పు పళ్లెంలో పలుచగా పరిచి, ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడిన అన్నంలో పిండిపదార్థం గట్టిపడుతుంది, అందుకే అది గొంతుకు అడ్డం పడినట్టుంటుంది. ఆమె వచ్చాక రెండు చెంచాల నీళ్లు చిలకరించి, మూతపెట్టి, పొగలు వచ్చేదాకా వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది. దీనిని ఒకసారే చేయాలి, మిగిలినది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు. రాత్రి పదింటికి మీరు మేలుకుని ఉండి ఆ ఐదు నిమిషాల పని చేసి కూర్చుంటే, సాయంత్రం ఇంకో కూర అదనంగా చేసినదానికంటే ఆమెకు అది ఎక్కువ ఊరట.

పాప గురించి అంత బెంగ అక్కరలేదు. రెండేళ్ల పిల్లలు కొత్త తిండిని పదిసార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు చూశాకగానీ ఒప్పుకోరు. తిరస్కరించినది నాలుగు రోజులాగి, రవ్వంత, మళ్లీ పెట్టండి. అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి నాకు మనవల విషయంలో బాగా పనికొచ్చింది. ఏమి పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేవి పెద్దల నిర్ణయాలు, తినాలా వద్దా, ఎంత తినాలి అనేవి పిల్లల నిర్ణయాలు. వెంటపడి నోట్లో కుక్కవద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు గుండ్రటి ద్రాక్షపళ్లను నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెట్టాలి, వేరుశనగ, బాదం వంటి గట్టి పప్పుగింజలను గింజలుగా అసలు పెట్టకూడదు, అవి గొంతుకు అడ్డం పడతాయి.

ఇక రోజూ మూడు నాలుగు రకాలు చేయడం ఆపేయండి. ఇది నా గట్టి అభిప్రాయం. నాలుగు గిన్నెలు ఒకేసారి పొయ్యి మీద ఉంటే దేని మోతా మీకు వినపడదు, నాలుగూ ఒక మోస్తరుగా వస్తాయి, అన్నీ పూర్తయ్యేసరికి మీరు విసిగిపోయి ఉంటారు. తినేవాళ్లు కూరకంటే ముందు మీ మొహం చూస్తారు. అమ్మగారికి మీ అలసట కనపడినప్పుడు, తన వల్లే కదా ఈ కష్టం అనుకుని రెండో వడ్డన అడగరు. ఒక అన్నం, ఒక పప్పు, ఒక కూర చాలు. మిగిలిన పనికి కుక్కర్ వాడుకోండి, అది మనసు లేని వంట అని ఎవరన్నా పట్టించుకోవద్దు. డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకలను మెత్తబరచడానికి 1679లోనే బిగింపు మూత గిన్నెను తయారు చేశాడు, ఆవిరి ఒత్తిడిలో నీరు దాదాపు 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది కాబట్టి పప్పు తొందరగా మెత్తబడుతుంది, పళ్లు బలహీనపడ్డవాళ్లకు అంతకంటే మేలైనది లేదు. అలా మిగిలిన ఇరవై నిమిషాలు ఉల్లిపాయలకివ్వండి.

చివరి విషయం నేను ముందే చెప్పాల్సింది, కానీ పైవన్నీ చెప్పకుండా చెప్తే తేలికగా తీసుకుంటారేమోనని ఆగాను. మీ అమ్మగారు ఏభై ఏళ్లు ఒక ఇంటికి వండిపెట్టిన మనిషి. ఇవాళ ఆమె పని వడ్డించినది తినడం ఒక్కటే. వంటగదిలోంచి గరిటె చప్పుడు వినపడుతూ ఉంటే, తను ఇవతల గదిలో ఊరికే కూర్చుని పిలుపు కోసం ఎదురుచూడడం ఆమెకు ఎంత కొత్తో ఆలోచించండి. ఆశ్రమంలో తిండి తగ్గించినవాళ్లలో చాలామందిని ఆకుకూరలు వలవడానికో, బియ్యంలో రాళ్లు ఏరడానికో కూర్చోబెట్టినప్పుడు, ఆ పూట ఇంకో నాలుగు ముద్దలు తినడం నేను కళ్లారా చూశాను. అందరికీ అలా జరగలేదు. జరిగినవాళ్లే ఎక్కువ.

రేపు మధ్యాహ్నం ఒక్క కూరే చేయండి, ఆమె బాగా చేసేదే ఎంచుకోండి. కూరగాయలు కడిగి ఆమె ముందు పెట్టి, ముక్క ఎంత ఉండాలో రెండు తరిగి చూపించమనండి. పోపు వేసే వేళకు ఆమె కుర్చీని వంటగది గుమ్మం దగ్గరకు జరపండి. ఉప్పు మాత్రం ఆమెకు అనుమతించిన కొలతను పొద్దున్నే చిన్న గిన్నెలో విడిగా తీసిపెట్టి ఉంచండి, అందులోంచే వాడాలి. కూర దించాక ఒక చెంచాడు చిన్న పళ్లెంలో వేసి, ఊది చల్లార్చి, రెండు మెతుకులు కలిపి ఆమె చేతికివ్వండి. బాగుందా అని అడగవద్దు, "ఉప్పు చూడమ్మా" అనండి. ఆమె కాసేపు నోట్లో తిప్పి ఏదో ఒకటి చెప్తారు, పులుపు చాలలేదనో, ఇంకాస్త మగ్గాలనో, పచ్చివాసన పోలేదనో. ఆమె చూస్తూ ఉండగానే ఆ మార్పు చేసి, ఇంకో చెంచాడు తీసి మళ్లీ చేతికివ్వండి.